గొడ్డలికి కామే ప్రాణం
(మధ్యయుగపు యుద్ధపు గొడ్డళ్ల నమూనాలు కొనడం, బిగించడం గురించి రాజమహేంద్రవరంలో సేకరణదారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. బల్ల మీద మూడు గొడ్డలి తలలు పెట్టాను, కామలు, అంటే పట్టుకునే కర్రలు లేకుండా. ముందు వాటిని చేతుల్లోకి తీసుకుని, చూసి, పక్కవాళ్లకి అందించండి. అంచులు మొద్దువే, తెగవు. మొదటిది డేన్ గొడ్డలి, ఉత్తర యూరప్ సముద్రయోధులైన వైకింగులది. పది, పదకొండు శతాబ్దాల నాటి రకం, అంచు బాగా వెడల్పు. రెండోది కింద గడ్డం దిగినట్టుండే ఒంటిచేతి గొడ్డలి. మూడోది పదిహేనో శతాబ్దపు పోలాక్స్. ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క సుత్తి, నెత్తిన ములుకు ఉంటాయి.

చాలామంది డబ్బంతా తల మీద పెట్టి, కామ దగ్గరికి వచ్చేసరికి ఏ కర్ర దొరికితే అది దూరుస్తారు. మన గోదావరి డెల్టాలో నమూనా గొడ్డలి చెడేది ముందు కామ దగ్గరే. తల మీద తుప్పు పడితే రుద్ది తీసేయొచ్చు. కామ వదులైతే మాత్రం అది గోడ మీద వేలాడే ప్రమాదం. అందుకని తల గురించి కొంత చెప్పి, ఎక్కువసేపు కామ గురించే మాట్లాడతాను.

డేన్ గొడ్డలి అందుకున్నవాళ్లు "ఇంత తేలికా?" అంటున్నారు. అసలైనవీ అలాగే ఉండేవండి. నార్వేలోని లాంగీడ్ అనే చోట 2011లో తవ్విన శ్మశానంలో ఒక వెడల్పు గొడ్డలి దొరికింది. అంచు సుమారు 25 సెంటీమీటర్లు. ఇప్పుడు మిగిలిన బరువు 550 గ్రాములు, కొత్తగా ఉన్నప్పుడు 800 గ్రాముల దాకా ఉండేదని అంచనా. కామ చుట్టూ ఇత్తడి పట్టీ ఉంది. ఆ పట్టీ వల్లే లోపలి కర్ర కొంత కుళ్లకుండా మిగిలింది. కామ పొడవు 110 సెంటీమీటర్ల దాకా ఉండేదని లెక్కగట్టారు. కట్టెలు చీల్చే గొడ్డలి లావుగా, చీలలాగా (చెక్కలో దిగగొట్టే, కొస సన్నటి ముక్కలాగా) ఉండాలి, మొద్దుని విడగొట్టాలి కాబట్టి. యుద్ధపు గొడ్డలికి ఆ పని లేదు. వేగంగా తిరగాలి, తిరిగి మళ్లాలి. అందుకే కామ దూరే కన్నం దగ్గర మందంగా మొదలై, మధ్యకి వచ్చేసరికి రెండు మూడు మిల్లీమీటర్లకి పలచబడి, అంచు దగ్గర మళ్లీ కాస్త మందమెక్కుతుంది. ఆ చివరి మందం అతికిన ఉక్కుది. మిగతాదంతా మెత్తటి ఇనుము.

బజారులో దొరికే నమూనాల్లో ఎక్కువ తప్పు ఇక్కడే. 6 మిల్లీమీటర్ల రేకుని ఆకారానికి కోసి, వెనక గొట్టం అతికి, "వైకింగ్ గొడ్డలి" అంటారు. బొమ్మలో బాగుంటుంది, చేతిలో గడ్డపారలా ఉంటుంది. డేన్ గొడ్డలి తల కిలోన్నర దాటిందంటే నాకు అనుమానమే. పోలాక్స్‌కి ఈ కొలత పట్టదు, అది కవచం మీద మోదడానికి పుట్టింది, దానికి బరువు కావాలి. ఆకారాల వరస తెలుసుకోవాలంటే నార్వే పురావస్తు శాస్త్రవేత్త యాన్ పీటర్సన్ 1919లో చేసిన వర్గీకరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఏ నుంచి ఎం దాకా అక్షరాలతో గుర్తులు. ఎం రకం అంటే ఇదిగో, ఈ వెడల్పు గొడ్డలి. అమ్మేవాళ్లు "ఎం రకం" అని రాస్తే ఆ బొమ్మ పక్కన పెట్టుకుని పోల్చండి.

ఇక కొనడం. యూరప్, అమెరికా సేకరణదారుల గోడల మీద ఉండే నమూనాల్లో చాలావరకు మన దేశంలో తయారైనవే. దెహ్రాదూన్‌లో విండ్లాస్, మీరట్‌లో దీపీకా లాంటి సంస్థలు ఎగుమతికి చేస్తాయి. కాబట్టి విదేశం నుంచి తెప్పించుకునే ముందు ఇక్కడే వెతకడం తెలివైన పని. అమ్మేవాళ్లని అడగాల్సినవి రాసుకోండి. తల ఒక్కదాని బరువు గ్రాముల్లో, అంచు పొడవు, మధ్యలో మందం, కన్నం లోపలి కొలతలు పైన ఎంత, కింద ఎంత, ఉక్కు ఏది, సాగగొట్టిందా, పోతపోసిందా. ఫోటోలు ముందువైపువి నాలుగు పంపితే సరిపోదు. కన్నంలోంచి చూసిన ఫోటో ఒకటి, వీపు వైపు నుంచి ఒకటి అడగండి. అవి పంపనివాళ్ల దగ్గర కొనొద్దు.

ఉక్కు విషయానికొస్తే ఈఎన్ 8, ఈఎన్ 9, ఈఎన్ 45 అనే పేర్లు వింటారు. ఈఎన్ 45 స్ప్రింగు ఉక్కు. గోడకి తగిలించుకునే గొడ్డలికి ఈఎన్ 8 చాలు. స్టెయిన్‌లెస్ పోతతో చేసిన తలలు తుప్పు పట్టవు కదా అని మన వాతావరణంలో కొందరు మొగ్గు చూపుతారు. నేను సిఫారసు చెయ్యను. ఆ మెరుపు ఏ శతాబ్దానిదీ కాదు, పైగా నాసిరకం పోతలో లోపల గాలి బుడగలుంటాయి. పోతని గుర్తుపట్టడం తేలిక. కన్నం అంచుల్లో అచ్చు కలిసిన గీత ఉంటుంది, ఆకురాయితో రుద్ది నునుపు చేసినా లోపలివైపు మిగిలిపోతుంది.

తల చేతికి రాగానే కన్నం సంగతి చూడండి. ఒక నిటారైన సన్నటి కర్రని కన్నంలో మధ్యగా నిలబెట్టి, పైనుంచి ఒక కన్ను మూసి చూస్తే అంచు ఆ కర్ర గీతలోనే ఉండాలి. పక్కకి వాలిందంటే కన్నం వంకర. కాల్చి కన్నం పొడిచేటప్పుడు పొడువు ఇనుము ఒరిగితే ఇలా అవుతుంది. అంచు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అయితే కామ చెక్కడంలో సర్దుకోవచ్చు. అంతకు మించితే తిప్పి పంపండి. తర్వాత వెర్నియర్‌తో, అంటే మిల్లీమీటర్లు కచ్చితంగా చూపే కొలపరికరంతో, కన్నం కొలవండి. ఈ డేన్ గొడ్డలికి కింద 32 × 24, పైన 33 × 27 మిల్లీమీటర్లు. పైన వెడల్పు ఎక్కువుంది కాబట్టి ఇది కింద నుంచి కామ ఎక్కించి, పైన కర్ర చివరలో బిగింపు కోసం చీల కొట్టాల్సిన రకం. కింద వెడల్పుండి పైన ఇరుకైతే తల తిరగేసి ఉందని కాదు, అసలు చీల పట్టని కన్నం అని. పైన కింద సమానంగా ఉంటే లోపల గుండ్రటి ఆకురాయితో పై సగాన్ని ఒక మిల్లీమీటరు తెరవండి. లేకపోతే చీలకి పట్టు దొరకదు.

చట్టం సంగతి చెప్పకుండా ముందుకెళ్లడం సరికాదు. 1959 ఆయుధ చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో, తుపాకులు కాని ఆయుధాల వర్గంలో యుద్ధపు గొడ్డలి పేరు పెట్టి మరీ ఉంది. ఇంటి పనికి, సేద్యానికి వాడే పనిముట్లు వేరు. చట్టంలో నాలుగో సెక్షను ప్రకారం కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటివి ఉంచుకోడానికి లైసెన్సు కావాలి. అయిదో సెక్షను తయారీ, అమ్మకాలది. పదోది దిగుమతిది. అందుకని కొనేముందు కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే విభాగంలో మీ ప్రాంతం పరిస్థితి కనుక్కోండి. మొద్దు అంచుదే కొనండి, "అలంకరణ నమూనా, పదును లేదు" అని బిల్లు మీద రాయించుకోండి, బిల్లు దాచుకోండి. తర్వాత పదును పెట్టించొద్దు. ఊరేగింపుల్లోకి పట్టుకెళ్లొద్దు. వందేళ్లు దాటిన అసలు వస్తువు ఎవరైనా చూపిస్తే అది 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తుంది. నమూనాల సరదాతో దాని జోలికి పోవద్దు. చూడాలనుంటే హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్లండి.

సరే, కామ.

1314లో బానక్‌బర్న్ యుద్ధం మొదట్లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ మీదికి హెన్రీ డి బోన్ అనే ఇంగ్లండు వీరుడు ఈటెతో దూసుకొచ్చాడు. బ్రూస్ పక్కకి తప్పుకుని గొడ్డలితో ఒక్క వేటు వేశాడు. ఆ వేటుకి వీరుడూ పోయాడు, గొడ్డలి కామా విరిగింది. రాజు చేతి గొడ్డలికే ఆ గతి పట్టింది. కామ ఎప్పుడూ మార్చుకోవాల్సిన భాగంగానే ఉండేది. ఐర్లండులో లాఖ్ కొరిబ్ సరస్సు అడుగున దొరికిన గొడ్డళ్లలో ఒకదానికి చెర్రీ కర్ర కామ అలాగే ఉంది. యూరప్‌లో ఎక్కువగా వాడింది యాష్ కర్ర. మనకి ఆ రెండూ దొరకవు, అక్కర్లేదు కూడా.

మన దగ్గర తుమ్మ ఉంది. చేవదేరిన నల్లతుమ్మకి దెబ్బ తట్టుకునే గుణం ఉంది. మెట్టప్రాంతపు అడవి కర్ర దొరికితే చిరుమాను ఇంకా మేలు. బండి ఇరుసులకీ, పనిముట్ల కామలకీ వాడిన కర్ర అది. సరుగుడు తీరం పొడుగునా దొరుకుతుంది, తిన్నగా ఉంటుంది, అందుకే ఆశపడతారు. ఆరేటప్పుడు పొడుగునా పగుళ్లిస్తుంది, ముఖ్యంగా నడుమ బెండుతో ఉన్న గుండ్రటి వాసాలు. మామిడి పుచ్చుతుంది. కొబ్బరి, తాటి వద్దు. వాటి నారలు కట్టకట్టిన పుల్లల్లాంటివి, చీల కొడితే విడిపోతాయి.

(సభలోంచి ప్రశ్న: టేకు వాడకూడదాండి? ఆరిన టేకు మనకి ఎక్కడైనా దొరుకుతుంది.)

గోడకే పరిమితమైతే వాడుకోండి. టేకుకున్న గొప్ప గుణం, తేమకి తక్కువ కదలడం. డెల్టాలో అది చిన్న విషయం కాదు. కానీ దెబ్బకి పెళుసు. ప్రదర్శనల్లో చేతికిచ్చి తిప్పించే గొడ్డలికి మాత్రం తుమ్మే.

కర్ర ఎంచేటప్పుడు కోసిన చెక్క కంటే చీల్చిన కర్ర మేలు. చీలిక ఎప్పుడూ నారని అనుసరించే పోతుంది, రంపం నారని అడ్డంగా దాటేస్తుంది. కోతమిల్లు నుంచి తెస్తే పక్కన ఉన్న గీతలు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తున్నాయో, మధ్యలో పక్కకి జారిపోతున్నాయో చూడండి. జారిన చోటే విరుగుతుంది. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క అంతా చెక్కేయండి. తుమ్మలో పురుగు పట్టేది అందులోనే, సన్నటి పిండి రాలుతుంటే ఆ కర్ర వదిలేయండి.

పచ్చికర్ర కొంటే 45 మిల్లీమీటర్ల చదరానికి చీల్చి, రెండు చివరలకీ మైనమో, పాత పెయింటో దట్టంగా పూసి, కప్పు కింద గాలి ఆడేలా మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చాలి. చివరలు పూయకపోతే అక్కడ ముందు ఆరి, నెర్రెలిస్తుంది. అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. తూకం ఇంకా నమ్మకమైన లెక్క. వారానికోసారి తూచండి, మూడు నాలుగు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే.

"ఆరినట్టే" అన్నాను కానీ, ఎక్కడి గాలికి? కర్ర ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలిలోని తేమతో సమానమవుతుంది. గాలిలో తేమ 50 శాతముంటే కర్రలో దాదాపు 9 శాతం నిలుస్తుంది. 80 శాతముంటే 15 దాటుతుంది. అమలాపురంలోనో నరసాపురంలోనో వానాకాలమంతా రెండోదే. పొడిప్రాంతంలో బిగించిన గొడ్డలి గానీ, ఏసీ గదిలో ఉంచిన గొడ్డలి గానీ మొదటిది. ఈ ఆరు శాతం తేడాకి 30 మిల్లీమీటర్ల మందమున్న గట్టికర్ర దాదాపు అర మిల్లీమీటరు కదులుతుంది. కన్నం ఇనుముది, అది జరగదు. మరి కర్ర ఏం చేస్తుంది? ఉబ్బడానికి చోటులేక లోపలి నారలు నలిగిపోతాయి. మళ్లీ ఎండ కాలం పడమటి గాలి తగిలి ఆరినప్పుడు, నలిగిన కర్ర మొదటి కొలతకి రాదు, ఇంకా సన్నబడుతుంది. అప్పుడు తల కదులుతుంది.

ఇందుకే ఒక పాత అలవాటు మానుకోమని గట్టిగా చెప్తాను. వదులైన గొడ్డలిని రాత్రంతా కాలవలోనో తొట్టిలోనో నానేస్తారు. పొద్దున్నకి బిగుస్తుంది, నిజమే. ఆ బిగువుతో పాటు నారలు ఇంకాస్త నలుగుతాయి. వారం తర్వాత మునుపటికంటే వదులు. కట్టెలు కొట్టేవాళ్లకి ఆ రోజు గడిస్తే చాలు, మన వస్తువు ఏళ్లు నిలవాలి.

కాబట్టి గొడ్డలి ఏ గదిలో ఉంటుందో కామ కర్రని ముందు ఆ గదిలోనే రెండు నెలలు ఉంచండి. బిగించే కాలం సంక్రాంతి దాటాక, వడగాలులు మొదలు కాకముందు. తుపాన్ల రోజుల్లో, అంటే అక్టోబరు, నవంబరుల్లో బిగించింది ఎండ కాలానికి వదులవుతుంది. మే నెలలో ఎండిపోయిన కర్రని ఇరికించి బిగిస్తే శ్రావణానికి నారలు నలుగుతాయి. రెంటికీ నడిమి కాలం ఇదే.

ఇప్పుడు పని. డేన్ గొడ్డలికి కామ 110 సెంటీమీటర్లు, ఒంటిచేతి దానికి 75. ఏదైనా అయిదు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచుకోండి. పిడి భాగం కోడిగుడ్డు ఆకారంలో, 35 × 27 మిల్లీమీటర్ల దాకా. గుండ్రంగా చేస్తే అంచు ఎటుందో చేతికి తెలియదు. అట్టముక్క మీద కన్నం లోపలి గీత గీసి, కత్తిరించి, కర్ర చివర అచ్చు వెయ్యండి. నాలుగు పక్కలా మధ్యగీత కొట్టండి. బాడిశతో మోటుగా, తర్వాత చిత్రికతో, చివరికి ఆకురాయితో తియ్యాలి. మెడ, అంటే కన్నంలో దూరే భాగం దగ్గరికి వచ్చేసరికి తొందర అసలు పనికిరాదు. కన్నం లోపల దీపం మసి కాస్త నూనెలో కలిపి పలచగా రాయండి. కామ దూర్చి తియ్యండి. నల్లగా అంటిన చోటే ఎత్తు. అక్కడ మాత్రమే గీకండి. మళ్లీ దూర్చండి. ఇరవై ముప్పై సార్లు పడుతుంది. నల్లమరక అన్ని వైపులా సమానంగా పడ్డప్పుడు ఆగాలి. కింద మూతి దగ్గర వెలుతురు కనపడకూడదు.

తల ఎక్కించేటప్పుడు దాన్ని సుత్తితో కొట్టి దించొద్దు. గొడ్డలిని తలకిందులుగా, తల గాల్లో ఉండేలా పట్టుకుని, కామ మొదట్లో చెక్కసుత్తితో కొట్టండి. ప్రతి దెబ్బకీ తల తన బరువుతోనే కామ మీదికి పాక్కుంటూ ఎక్కుతుంది. చూస్తే వింతగా ఉంటుంది కానీ ఇంతకంటే తిన్నగా ఎక్కించే దారి లేదు. పైన 6 మిల్లీమీటర్లు కర్ర బయటికి ఉండాలి. సమానంగా కోసేస్తే అందం, కానీ ఆ పొడుచుకొచ్చిన ముక్క ఉబ్బి కన్నం పెదవి మీద కూర్చుంటుంది, అదే తలకి రక్ష.

చీలకి రంపపు గాటు ఎక్కించేముందే పెట్టుకోవాలి. కన్నం పొడుగు దిశలో, కన్నం లోతులో మూడింట రెండొంతులు. ఈ తలకి లోతు 35 మిల్లీమీటర్లు, కాబట్టి గాటు 23. ఇంకా కిందికి కోస్తే పగులు మెడ దాటి పోతుంది. చీల అదే కర్రతో, బాగా ఆరింది, పైన 5, కొసన 1 మిల్లీమీటరు. కొసని మరీ పదునుగా చెయ్యొద్దు, మడతపడుతుంది. కొట్టేటప్పుడు చప్పుడు వినండి. బొంగురుగా మొదలై టంగుమని మారిందంటే అడుగంటింది, ఇంకో దెబ్బ కొడితే చీల చీలుతుంది. ఇనుప చీల అడ్డంగా కొట్టడం ఇక్కడి కమ్మరి కొలిముల్లో మామూలే, కట్టెల గొడ్డలికి సరే. మన తేమకి ఆ ఇనుము తుప్పుపట్టి చుట్టూ కర్రని తినేస్తుంది. నేను పెట్టను.

ఇంకో ముఖ్య విషయం. తుమ్మలో వగరు ఎక్కువ. వగరు, ఇనుము, తేమ మూడూ కలిస్తే నల్లటి మరక పుట్టి కర్రలోకి దిగుతుంది. అందుకని చివరిసారి ఎక్కించేముందు మసి తుడిచేసి, కన్నం లోపల తేనెమైనం వేడిచేసి పలచగా పూయండి. పలచగా అంటే గోటితో గీస్తే కనపడీ కనపడనట్టు. మందంగా పూస్తే తల జారుతుంది.

తర్వాత నూనె. పెయింటు షాపుల్లో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు, అవిసె నూనె. మొదటి పూత సగం టర్పెంటైన్ కలిపి, తర్వాతివి చిక్కగా. ప్రతి పూతా పావుగంట ఆగి పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోతే జిగటగా మిగిలి దుమ్ము పడుతుంది. పైన కన్నంలోంచి కనపడే చివర, కింద మొదలు, ఈ రెండుచోట్లా పీల్చినంత పొయ్యండి. కర్ర తేమ తాగేది ఎక్కువగా ఆ చివరల నుంచే. ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఈ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి మంటలంటుకుంటాయి. నీళ్లలో ముంచి, బయట ఒంటిపొరగా ఆరెయ్యండి.

పోలాక్స్ గురించి క్లుప్తంగా. దానికి తల నుంచి కిందికి ఇనుప పట్టీలు దిగుతాయి, రివెట్లతో బిగిస్తారు. కర్రలో పట్టీ మందానికి సరిగ్గా గాడి తియ్యండి. లోతెక్కువైతే పట్టీ వంగుతుంది. రంధ్రం రెండువైపుల నుంచీ తొలిచి మధ్యలో కలపాలి, ఒకవైపు నుంచే తొలిస్తే డ్రిల్లు బిట్టు నారవెంట పక్కకి పోతుంది. 5 మిల్లీమీటర్ల రివెట్ అయితే పట్టీ దాటి 6, 7 మిల్లీమీటర్లు మిగిల్చి, గుండ్రటి సుత్తితో చుట్టూ చిన్నచిన్న దెబ్బలతో తలకట్టాలి. స్క్రూలతో వచ్చిన నమూనా అయితే అవి తీసి రివెట్లు వేసుకోండి.

తలకి మన ఉప్పుగాలి శత్రువు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు పైన లక్కపూత ఉంటుంది, ఎక్కడో ఒకచోట గీసుకుపోయి దాని కింద తుప్పు పాకుతుంది, బయటికి తెలియదు. థిన్నర్‌తో పూర్తిగా తీసేసి మైనం పూయండి. కొబ్బరినూనె ఇంట్లో ఉంటుందని అది రాస్తారు, కొన్నాళ్లకి ముక్కిపోతుంది. మినరల్ ఆయిల్ మేలు. తోలు ఒరలో పెట్టి దాచొద్దు, తోలు తేమనీ వగరునీ పట్టుకుంటుంది. గోడకి నేరుగా ఆనించొద్దు. డెల్టా ఇళ్లల్లో నేల తేమ గోడల్లోకి ఎక్కుతుంది. చెక్కపలక కొట్టి, దాని మీద అంగుళం ఎడంగా కొక్కేలు పెట్టండి. వానాకాలం నెలకోసారి తల పట్టుకుని కదిపి చూడండి, తుడవండి.

(సభలోంచి ప్రశ్న: బిగించి వచ్చిన గొడ్డలే కొన్నానండి. తల కదులుతోంది, కన్నంలో ఎపాక్సీ జిగురు పోసి ఉంది. ఏం చెయ్యాలి?)

ముందుగా, పొయ్యి మీద కాల్చొద్దు. 200 డిగ్రీలు దాటితే గట్టిపరిచిన అంచు మెత్తబడటం మొదలవుతుంది, గడ్డివర్ణం నుంచి నీలం రంగుకి మారుతుంది. కామని తలకి కిందుగా రంపంతో కోసెయ్యండి. కన్నంలో మిగిలిన కర్రని 6 మిల్లీమీటర్ల బిట్టుతో వరసగా తొలవండి, అంచుకి 2 మిల్లీమీటర్ల దూరంలో. మధ్యభాగం గుల్లైపోయాక పలచటి ఉలితో లోపలికి మడిస్తే ఎపాక్సీ పెంకులా ఊడొస్తుంది. అంటుకున్న ముక్కలుంటే అసిటోన్ తడిపిన గుడ్డ కన్నంలో కుక్కి, ప్లాస్టిక్ సంచిలో మూడు నాలుగు గంటలు ఉంచండి, మెత్తబడతాయి. తర్వాత కన్నం పైన కింద కొలవండి. చాలాసార్లు అక్కడ తెలుస్తుంది, ఎపాక్సీ ఎందుకు పోశారో. కన్నం సమానంగా ఉండి చీల పట్టదు. పై సగం ఒక మిల్లీమీటరు తెరిచి, కొత్త కామతో మొదటి నుంచి మొదలుపెట్టండి.